ముందుమాటలో ఒక పేరు

మదనపల్లెలో జయరత్నమ్మ ఇంటి గేటు అడగకుండా తీసేది ఇద్దరే. ఒకరు కరెంటు రీడింగు తీసే మనిషి, రెండోది పిల్లి. ఆ మనిషిని ఆమె ప్రతి నెలా గుర్తింపు కార్డు చూపించమంటుంది. పిల్లిని ఏమీ అనదు గానీ, అది గోడ దూకి పోయాక వంటింట్లోకి పోయి పాలగిన్నె మూత ఎట్లా పెట్టిందో అట్లాగే ఉందా అని చూసుకుంటుంది.

ఎవర్నీ నమ్మకపోవడం ఆమెకు ముసలితనంలో వచ్చిన గుణం కాదు. తొమ్మిదో ఏట వచ్చింది, డెబ్బై ఐదేళ్లకూ తగ్గలేదు. నిజం చెప్పాలంటే ముప్పై నాలుగేళ్లపాటు ఆమెకు కూడు పెట్టింది కూడా ఆ గుణమే. ఒక మిషన్ ఆసుపత్రిలో ఆమె లినెన్ రూము ఇన్‌చార్జి. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు అన్నీ ఆమె చేతిమీదుగానే వార్డులకు పోయేవి. ప్రతి దుప్పటి మూలనా ఎర్రదారంతో వార్డు గుర్తూ నంబరూ తానే కుట్టేది. రోగి ఇంటికి పోతుంటే గేటు దగ్గర మూట విప్పించేది. అన్నేళ్లలో పోయినవి పదకొండు దుప్పట్లు. ఏది ఎవరు ఎత్తుకుపోయారో ఆమెకు తెలుసు. "రుజువు లేదు, అంతే" అంటుంది. రిటైరైన రోజు డాక్టర్లు శాలువా కప్పితే, అలవాటు చొప్పున దాని మూల తిప్పి చూసుకుంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

మొగుడు పోయి పన్నెండేళ్లు. కూతురు కరుణ వేలూరులో నర్సు. సాయంత్రం పూట ఫోను చేస్తుంది. చేసిన ప్రతిసారీ తల్లి ముందు అడిగేది, "నువ్వేనా?" అని.

ఇలాంటి మనిషి గేటు దగ్గరికి పోయిన ఫిబ్రవరిలో ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. జీన్సు, భుజాన సంచి, చేతిలో పాత పత్రికల కట్ట.

"శాలేము రాజు గారి కూతురు మీరేనా అవ్వా?"

"ఎవురు చెప్పినారు?"

"చర్చిలో చెప్పినారు."

"చర్చిలో ఎవురు?"

అమ్మాయికి పేరు తెలియదు. జయరత్నమ్మ గేటు గొళ్లెం మీద చెయ్యి తియ్యలేదు. అవ్వా అంట, అప్పుడే చుట్టరికం కలిపేసింది అనుకుంది లోపల.

అమ్మాయి పేరు వర్షిత. రామసముద్రం పక్క పల్లె. కుప్పంలో పరిశోధన చేస్తోంది. వాళ్ల తాత చెంగల్రాయుడు వేరుశెనగ రైతు. పంట పోయిన ఏళ్లలో కూడా మద్రాసు నుంచి ఒక చిన్న మాసపత్రిక తెప్పించుకున్నాడట. విత్తనాల పెట్టె అడుగున ఆ పత్రికలు చెక్కుచెదరకుండా దొరికాయి. వాటిలో 'పరదేశి' అనే పేరుతో శాలేము రాజు రాసిన పద్నాలుగు కథలున్నాయి. "ఇట్లాంటి కథలు ఆ కాలంలో మన దిక్కున ఎవురూ రాయలేదవ్వా. పుస్తకం వేస్తాము. మీ అనుమతి కావాల" అంది.

జయరత్నమ్మ గేటు ఇవతలి నుంచే చెయ్యి చాపి పత్రిక తీసుకుంది. తెరిచి చూసింది. తన ఇంట్లో ఒక్కటి కూడా మిగలని పత్రిక అది. అరవై ఆరేళ్ల కిందట ఆమె నాయన తన కాపీలన్నీ పెరట్లో నీళ్లు కాచే పొయ్యిలో పెట్టాడు. ఆ నీళ్లతోనే ఆమెకు తలంటి పోశారు.

గేటు తెరిచింది. అమ్మాయి చెప్పులు ఎక్కడ విడిచిందో గమనించుకుంది.

శాలేము రాజు పుంగనూరులో మిషన్ డిస్పెన్సరీ కంపౌండరు. డిస్పెన్సరీ వెనక పనివాళ్ల క్వార్టర్లు వరుసగా ఉండేవి. వాళ్లది మూడో లైను, పదకొండో నంబరు. పగలంతా మిక్స్చర్లు కలిపి సీసాలకు మోతాదు చూపే కాగితం గీట్లు అంటించేవాడు. పొద్దుగూకాక లాంతరు ముందు కూర్చుని కథలు రాసేవాడు. అవి మామూలు కథలు కావు. ఒకదానిలో చింతపండు మండీలో ఒక తక్కెడ ఉంటుంది. దానిలో కూర్చుంటే మనిషి బరువు చూపించదు, వాడు దాచుకున్నదాని బరువు చూపిస్తుంది. ఊరి పెద్దమనిషి కూర్చుంటే తక్కెడ నేల తాకిపోతుంది. ఇంకోదానిలో చచ్చిపోయిన రోగులు ప్రతి గురువారం ఆసుపత్రి వరుసలో వచ్చి నిలబడతారు. వాళ్లకు మందు అక్కర్లేదు, తమ జబ్బు పేరేమిటో చెబితే చాలు. అన్నిటికన్నా గొప్పది 'నీడల పంపకం'. చెట్టు లేని మెట్టనేలలో అన్నదమ్ములు పొలం పంచుకుని, చివరికి చచ్చిపోయిన తండ్రి నీడను కూడా పంచుకుంటారు. భూమి దక్కనివాడికి ఆ నీడ దక్కుతుంది. అది వాడి వెంట నడుస్తూ అందరి గుట్టూ చెబుతుంది.

కథలో గొప్ప ఘట్టం వచ్చినప్పుడల్లా ఆయన వాక్యం బైబిలు తెలుగులోకి మారిపోయేది. చిన్నప్పటి నుంచి చెవిన పడిన గంభీరమైన తెలుగు ఆయనకు అదొక్కటే. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో లేఖనం చదివేవాడు. అయ్యాక అదే లాంతరు దగ్గర, అదే గొంతుతో, ఆ రోజు రాసిన కథ చదివేవాడు. పక్కన కూతురు మోకాళ్లు ముడుచుకుని వినేది. నాయన ఎక్కడికి పోతే అక్కడికి పోయేది. డిస్పెన్సరీలో అందరూ "కంపౌండరు నీడ వచ్చింది" అని ఏడిపించేవాళ్లు.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఆ కథల సంగతి సంఘ పెద్దల చెవిన పడింది. దయ్యాల కథలు రాసేవాడు, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు తగడన్నారు. సంఘం ఎదుట తప్పు ఒప్పుకుని, ఇక రాయనని చెబితే మళ్లీ చేర్చుకుంటామన్నారు. రాయడం మానేశాడు గానీ, తప్పు ఒప్పుకోవడానికి మాత్రం శాలేము రాజు లేవలేదు. తొమ్మిదేళ్లపాటు చివరి బెంచీలో కూర్చున్నాడు. రొట్టె, ద్రాక్షరసం వరుస వెంబడి వస్తూ వచ్చి ఆయన్ను దాటి పోయేవి. అట్లాగే దాటి పోతుండగానే చచ్చిపోయాడు. ఆయన కూతురు కూడా ఈరోజుకీ బల్ల దగ్గరికి పోదు. పాటలు పాడుతుంది, కానుక వేస్తుంది, బల్ల ఆదివారం మాత్రం ప్రసంగం కాగానే లేచి వచ్చేస్తుంది. పాస్టర్లు ఏడుగురు మారారు. ఆమె మారలేదు.

ఇదంతా చెప్పి జయరత్నమ్మ లోపలికి పోయింది. ఒక దుప్పటి మూట తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆసుపత్రి దుప్పటే. పనికిరాదని ఆఫీసువాళ్లు రాసిచ్చిన చీటీ దానికి గుండుసూదితో గుచ్చి ఉంది, రేపు ఎవరైనా దొంగ అనకుండా. లోపల నాయన ఆఖరి నోటుపుస్తకం. అచ్చుకాని కథలు మూడు.

వర్షిత చెయ్యి చాపింది. జయరత్నమ్మ మూట వెనక్కి లాక్కుంది.

"ఇస్తా. సంతకం కూడా పెడతా. ఒక షరతు. మా నాయన మీద పెద్దోళ్లకు ఎవురు చెప్పినారో, ఆ పేరు ముందుమాటలో అచ్చెయ్యాల."

"ఎవురో తెలుసా అవ్వా?"

"తెల్సు. దెబోరా."

దెబోరా పక్క క్వార్టరు పిల్ల. జయరత్నం కన్నా మూడేళ్లు పెద్దది. వాళ్ల నాయన సండే స్కూలు సూపరింటెండెంటు. రోజూ వీళ్ల వసారాలో కూర్చుని పత్రికలు చదివిన పిల్ల అదొక్కతే. నాయన మీద గొడవ లేచిన మరుసటి వారం నుంచి ఆ పిల్ల ఈ గడప తొక్కలేదు. ఇంకేం రుజువు కావాలి? ఆనాటి నుంచి జయరత్నం ఆమెతో మాట్లాడలేదు. దెబోరా పెళ్లికి పోలేదు. దెబోరా మొగుడు పోతే పోలేదు. జయరత్నం తల్లి చనిపోయినప్పుడు దెబోరా కుప్పం నుంచి బస్సెక్కి వస్తే, శవపేటిక ఇటు పక్క నుంచి అటు పక్కకు మారి నిలబడింది.

"పేరు అచ్చెయ్యాలంటే ఆధారం ఉండాలవ్వా" అంది వర్షిత మెల్లగా.

"వెతుకు. చదువుకున్నావు కదా."

పోయేముందు ఆ అమ్మాయి పరదేశి చేతిరాత ఫొటో తీసుకుంటానంది. నోటుపుస్తకం తెరవడానికి ఒప్పుకోని జయరత్నమ్మ తన బైబిలులోంచి ఒక అట్టముక్క తీసి చూపించింది. మందుచీటీ వెనక పెన్సిలుతో వేసిన బొమ్మ: పొట్టి మనిషి, వాడి వెనక పొడుగాటి నీడ. కింద "జయరత్నమునకు, బంగారు వాక్యము చెప్పినందుకు. నాయన" అని ఉంది.

సండే స్కూలులో ప్రతి పిల్లా వారం వారం ఒక వచనం కంఠతా అప్పజెప్పాలి. చివర అధ్యాయం, వచనం నంబర్లు చెబితేనే లెక్క. ఎవరూ చెప్పని పెద్ద వచనం చెప్పిన పిల్లకు సముద్రాల అవతల నుంచి వచ్చిన రంగు కార్డు ఇచ్చేవాళ్లు. దాన్నే బంగారు వాక్యం అనేవాళ్లు.

"మరి ఇది రంగు కార్డు కాదే?"

"ఆ వారం కార్డులు అయిపోయినాయో ఏమో, నాకు ఇయ్యలేదు. ఏడస్తా వస్తే నాయనే వేసిచ్చినాడు."

"ఏం వాక్యం చెప్పినారవ్వా?"

"ఎవురికి గుర్తు? అరవై ఆరేండ్లు. ఏదో వచనం."

వర్షిత ఫొటో తీసుకుని పోయింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా జయరత్నమ్మ కిటికీ లోంచి చూసింది.

నెల తిరక్కముందే ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. పుంగనూరు సంఘంవాళ్లు పాత మినిట్స్ పుస్తకం చూడనిచ్చారట. పేజీ ఫొటో ఫోనులో పెద్దది చేసి చదివింది:

"'సండే స్కూలులో ఒక బాలిక బంగారు వాక్యముగా అప్పజెప్పిన మాటలు లేఖనములలో ఎక్కడను లేవనియు, అవి కంపౌండరు శాలేము రాజు పరదేశి అను పేరున వ్రాసిన దయ్యముల కథలోనివనియు విచారణలో తేలెను. ఆ బాలిక...'"

"చాలు!" జయరత్నమ్మ తొడ మీద చరుచుకుంది. "బాలిక అనుండాది కదా! నేను చెప్పలా? దెబోరానే. మా వసారాలో చదివి పోయి ఆడ అప్పజెప్పింది. కార్డు కోసరం మా నాయన్ను అమ్మేసింది."

"ఇంకా ఉందవ్వా..."

"ఇంకేమీ అక్కర్లే. రేపు కుప్పం పోదాం. దాని నోటితో అనిపించాల. అప్పుడు అచ్చేస్తువు."

అరవై ఆరేళ్ల అనుమానానికి కాగితం దొరికింది. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది. ఇది చెప్పక తప్పదు, ఎందుకంటే ఆ తర్వాత చాలా రోజులు ఆమెకు నిద్ర లేదు.

పొద్దున్నే బస్సెక్కారు. పుంగనూరు వచ్చినప్పుడు వర్షిత కిటికీ లోంచి చర్చి చూపించబోయింది గానీ జయరత్నమ్మ తల తిప్పుకుంది. పలమనేరులో బస్సు మారారు. వెంకటగిరికోటలో టమోటా బుట్టలతో ఎక్కిన ఆడమనిషి ఇద్దరికీ చెరో పండు ఇవ్వబోతే జయరత్నమ్మ వద్దంది. బయటి ఇండ్లలో ఆమె మంచినీళ్లు కూడా తాగదు. తన సీసా తనది, తన టిఫిన్ డబ్బా తనది.

దెబోరా ఇల్లు కుప్పం స్టేషను వెనక వీధిలో. తలుపు తెరిచే ఉంది. మోకాళ్లకు నూనె రాసుకుంటూ, తెల్లచీరలో ఒక బక్క మనిషి మంచం మీద కూర్చుని ఉంది. తలెత్తి చూసింది. ఎవరని అడగలేదు.

"వచ్చినావా జయా. కూచో."

"కూచునేదానికి రాలే." జయరత్నమ్మ గడప లోపల నిలబడే ఫోను చూపించమని వర్షితకు సైగ చేసింది. "సంఘం పుస్తకంలో ఉండాది. సండే స్కూల్లో ఒక పిల్ల మా నాయన కథలోది అప్పజెప్పిందంట. అచ్చయ్యే కథల పుస్తకంలో దాని పేరు వెయ్యాల. ఎవురో చెప్పు."

దెబోరా నూనెచేతులు కొంగుకు తుడుచుకుంది. జయరత్నమ్మ ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత వర్షిత వైపు తిరిగింది.

"నేనే పాపా. రాసుకో. సంతకం పెట్టమంటే పెడతా."

గెలిచింది జయరత్నమ్మ. ఈ మాట కోసమే ఇన్నేళ్లు బతికింది. అయినా ఆమెకు లోపల ఏదో గీరుకుంది. పదకొండు దుప్పట్లు ఎత్తుకుపోయిన పదకొండుమందిలో ఒక్కరు కూడా ఇంత సులువుగా ఒప్పుకోలేదు. దొంగ ముందు కోప్పడతాడు, తర్వాత ఒట్టు పెట్టుకుంటాడు, ఆ తర్వాత ఏడుస్తాడు. అడగ్గానే చేతులు చాపేవాడు ఎవడినో కాపాడుతున్నాడని అర్థం. ఎవర్ని? వాళ్ల నాయన్నా?

"నువ్వే చెప్పింటే ఆ వాక్యం గుర్తుండాల కదా. ఏదీ, చెప్పు."

దెబోరా తడబడింది. "ఆ దినమున... నీడలన్నీ లేచి... మనుష్యుల మీద చాడీలు..."

"తప్పు!" జయరత్నమ్మ గొంతు ఠంగుమంది. "'ఆ దినమున ప్రతివాని నీడయు లేచి నిలువబడి, తన యజమానునికి విరోధముగా సాక్ష్యము పలుకును, నీడలేనివాడు మాత్రమే నిర్దోషియని యెంచబడును.' మూడో అధ్యాయం, పదకొండో వచనం."

జయరత్నమ్మ తన చేతులు చూసుకుంది. అవి పొట్ట ముందు కట్టుకుని ఉన్నాయి, సండే స్కూల్లో పిల్లలు కట్టుకున్నట్టు. మడమలు దగ్గరికి చేరి ఉన్నాయి. ఆ నంబర్లు నోట్లోకి ఎక్కడినుంచి వచ్చాయో ఆమెకు తెలియలేదు. కథకు అధ్యాయాలు లేవు. వచనాలు లేవు.

"పాపా," అంది. "ఆ కాగితం... నిన్న నేను చాలన్న తావు నుంచి చదువు."

"వద్దులే అవ్వా."

"చదవమంటా ఉండా."

వర్షిత చదివింది. "'ఆ బాలిక దానిని మూడవ అధ్యాయము పదకొండవ వచనమని చెప్పెను గాని, ఏ గ్రంథమో చెప్పలేకపోయెను.'"

మూడో లైను, పదకొండో నంబరు. ఇంటి తలుపు మీద తెల్లసున్నంతో రాసి ఉండేది. నంబరు చెప్పకపోతే కార్డు ఇవ్వరని భయపడిన తొమ్మిదేళ్ల పిల్ల, తనకు కంఠతా వచ్చిన నంబర్లు చెప్పేసింది. పసుపు గౌను. అందరూ చప్పట్లు కొట్టారు. దెబోరా కూడా కొట్టింది. అంతా ఇప్పుడు ముందుకొచ్చి నిలబడింది.

జయరత్నమ్మ కూర్చుంది. ఎక్కడ కూర్చుందో చూసుకోలేదు. దెబోరా మంచం మీదే, ఆమె పక్కనే కూర్చుంది.

"మా నాయనకు కుళ్లు లేదే జయా," అంది దెబోరా. "నీకు కార్డు రాసియ్యాలని వారమంతా బైబిలు తిప్పినాడు. దొరకలే. తనకే తెలియదేమోనని సిగ్గుపడి పాస్టరయ్యను అడిగినాడు. అంతే. ఆడి నుంచి ఆయన చేతుల్లో లేదు. సంగతి తెలిసిన పొద్దు సాయంత్రం మీ నాయన మా ఇంటికొచ్చినాడు. తిట్టలే. మా నాయన చేతులు పట్టుకుని, 'బిడ్డకు తెలియనీయొద్దు, పెద్దయినాక కూడా' అన్నాడు. నన్ను కూడా పిల్చి ఒట్టేయించుకున్నాడు. నీ ముందరికొస్తే నోరు జారతానని మా నాయన మీ ఇంటికి రానియ్యలే."

"అందురూ పోయినారు కదే. అరవై ఆరేండ్లు. నాకు యాల చెప్పలేదు?"

"నువ్వు మాట్లాడితే కదా చెప్పేది."

జయరత్నమ్మ ఏడ్చింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా, ఎవరు చూస్తున్నారో లెక్కచేయకుండా ఏడ్చింది. మందుచీటీ వెనక బొమ్మ వేస్తున్న నాయన చెయ్యి కళ్లకు కట్టింది. అప్పటికే ఆయనకు అంతా తెలుసు. ఆ సాయంత్రమే కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "కార్డు ఇయ్యలేదా అమ్మా? నేనిస్తాలే" అని పెన్సిలు చెక్కుకున్నాడు. బంగారు వాక్యము చెప్పినందుకు అని రాశాడు. వ్యంగ్యానికి రాయలేదు, అది ఆమెకు తెలుసు. ఆయన వాక్యాన్ని అంత గొప్పగా అంతవరకూ ఎవరూ చదవలేదు మరి.

దెబోరా గోడ పట్టుకుని లేచి కాఫీ కలిపి తెచ్చింది. జయరత్నమ్మ సంచిలోని సీసా సంగతి మరిచిపోయి ఆ కాఫీ తాగింది.

వర్షిత ఫోను సంచిలో పెట్టేసుకుంది. "ముందుమాటలో ఆ సంగతి రాయొద్దులే అవ్వా. కథలు వేసుకుందాం, చాలు."

"యాల రాయవు?" జయరత్నమ్మ ముక్కు తుడుచుకుంది. గొంతు మళ్లీ లినెన్ రూము గొంతయింది. "షరతు షరతే. దెబోరా పేరు అచ్చేయించేదానికి అంత తొందరపడినదాన్ని, నా పేరనేసరికి మానేస్తే నన్ను ఏమనాల? కాగితం తియ్యి. నేను చెప్తా, రాసుకో."

వర్షిత నోటుబుక్కు తీసింది. జయరత్నమ్మ ఒక్కొక్క మాటా ఆగి ఆగి చెప్పింది.

"'పరదేశి కథల సంగతి సంఘానికి చెప్పింది ఆయన కూతురు జయరత్నం. అప్పుడు దానికి తొమ్మిదేండ్లు. నాయన రాసింది దేవుని మాటే అనుకొనింది.' రాసినావా?"

"రాసినానవ్వా."

"యాడ, చదువు." వర్షిత చదివి వినిపించింది. జయరత్నమ్మ నమ్మక, నోటుబుక్కు లాక్కుని, కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి తానే చదువుకుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"ఇప్పుడు పెన్ను ఇట్లియ్యి" అంది.